లక్ష దగ్గర కామా

మండపేటలో రైసుమిల్లు ఆసామికి 1,234,567 అని వేసిన బిల్లు ఇచ్చి చూడండి. మిమ్మల్నీ మీ సాఫ్ట్‌వేర్‌నీ గుమ్మంలోనే ఆపేస్తారు. "ఇదెక్కడి లెక్కండీ బాబూ! లక్ష దగ్గర కామా లేకపోతే ఎంతని చదవాలండీ?" ఆయనకి కావలసింది 12,34,567. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనేదొకటుందని ఆయనకి తెలీదు, తెలియాల్సిన ఖర్మా లేదు.

ఖర్మంతా బిల్లు తయారుచేసే కుర్రాడిది. లెక్కలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి, వాటిని పేజీగా మార్చే సూత్రాలు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్‌లో. 1999 నవంబరులో వెబ్ ప్రమాణాల కమిటీ డబ్ల్యూ3సీ ఆమోదించిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 మహా మడిగల భాష. వేరియబుల్‌కి ఒకసారి విలువ ఇస్తే మళ్లీ ముట్టుకోకూడదు. కామాలు పెట్టే ఫంక్షనుంది గానీ అది అప్పటి జావా పద్ధతి పట్టుకుంది. #,##,##0 అని ఎంత ముద్దుగా రాసిచ్చినా ఆఖరి కామానే చూసి, మూడేసి అంకెలకే కోస్తుంది. లక్షల్లో లెక్కపెట్టే జనం ఉన్నారని కమిటీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

దాంతో మనవాడు, కాలువ గట్టుకి రాత్రికి రాత్రి దొంగతూము దించినట్టు, స్టైల్‌షీట్ నడుమ మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్‌ఎక్స్‌ఎస్‌ఎల్ స్క్రిప్ట్ ట్యాగు తెరిచి జేస్క్రిప్టు దించేశాడు. కామా పడింది. ఆసామి కాఫీ ఇప్పించారు.

ఒక తూము దిగాక రెండోది ఆగుద్దా? ఈరోజు తేదీ కావాలి, 1.0లో అదీ లేదు. రూపాయలు అక్షరాల్లో కావాలి. వరస నంబరుకైతే పొజిషన్ అనే ఫంక్షను భాషలోనే ఉంది, అయినా అదీ స్క్రిప్టులోనే రాశాడు. చెయ్యి అలవాటు పడిపోయింది మరి!

కమిటీ పెద్దలేం తక్కువ తినలేదు. 2000 డిసెంబరులో 1.1 ముసాయిదా తెచ్చి ఈ తూములకి పట్టాలిచ్చేద్దామనుకున్నారు. నిష్ఠాపరులు సంతకాలు సేకరించి అడ్డుపడ్డారు. 2001లో 1.1 మొత్తం అటకెక్కింది. లక్ష కామా చివరికి 2007లో 2.0తో వచ్చింది. మైక్రోసాఫ్ట్ మాత్రం 1.0 దగ్గరే మకాం వేసింది, మనవాడి సరంజామా అంతా మైక్రోసాఫ్ట్‌దే.

తూములో నీళ్లొక్కటే రావు కదా, పాములూ వస్తాయి. స్క్రిప్టు దాచిన స్టైల్‌షీట్‌ని విండోస్‌తో వచ్చిన డబ్ల్యూమిక్ అనే పనిముట్టు చేతే నడిపించి దొంగలు దూరారు. మైటర్ సంస్థ దాడుల పట్టికలో దీనికి టీ1220 అని నంబరు కూడా ఇచ్చారు. ఇలాంటి ముప్పుంటుందనే మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో స్క్రిప్టు సౌకర్యం మూసే ఇస్తారు. తెరవాలంటే ఎనేబుల్‌స్క్రిప్ట్‌కి ట్రూ అని రాయాలి. మనవాడు రాశాడు. ఎందుకు మూశారో మాత్రం అడగలేదు.

ఇలాంటి మిల్లు ఏదైనా కొత్త డాట్‌నెట్‌కి మారిందా, చూడాలి తమాషా. అందులో ఈ స్క్రిప్టులు బొత్తిగా నడవవు. దాళ్వా ధాన్యం లారీలు గేటు దాకా బారులు తీరుంటాయి, బిల్లు రాదు. కుర్రాడేమో డాలస్‌లో. అర్ధరాత్రి ఫోను చేస్తే ఒకటే మాట: "ఆ పాత కంప్యూటరు మాత్రం అమ్మేయకండి, బాబాయ్ గారూ."

అలాంటి పాత కంప్యూటరుకే దసరాకి మొదటి కుంకంబొట్టు. కొత్తదానికి తర్వాత, కుంకం మిగిలితే.