లాప్‌టాప్ ఆన్ కావడం లేదా? ముందు ఆన్ చేయండి

రిపేరు షాపులకు ఇక కాలం చెల్లిందట. లాప్‌టాప్‌కు ఏ రోగమొచ్చినా కంపెనీవారి ఏఐ సహాయకుడే కనిపెట్టేస్తాడని హోరెత్తిస్తున్నారు కదా, ఆ పుణ్యం మా బీర్పూర్ దాకా వచ్చింది. తెల్లారి చూస్తే నా లాప్‌టాప్‌కు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్లో సహాయకుణ్ణి పిలిచాను. పిలవగానే పలికాడు. మన ఆఫీసుల్లో ఆ మర్యాద ఎక్కడిది!

"మీ ఇబ్బందికి చింతిస్తున్నాం. సమస్య ఏమిటో తెలుసుకోవడానికి ముందుగా లాప్‌టాప్ ఆన్ చేయండి" అన్నాడు.

ఆన్ కాకపోవడమే సమస్య అన్నాను. అర్థమైందన్నాడు. అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లు ఏమైనా మిగిలాయేమో చూడమన్నాడు. నాయనా, అది ఆన్ కాదు అన్నాను. మరోసారి చింతించి, మా డయాగ్నస్టిక్ యాప్‌ను ఆ లాప్‌టాప్‌లోనే దించుకుని నడపండి, ఏది చెడిందో అదే చెబుతుందన్నాడు.

తర్వాత సీరియల్ నంబరు అడిగాడు. అడుగున అతికించిన స్టిక్కరు ఎప్పుడో అరిగిపోయింది. ఏం ఫరవాలేదు, లాప్‌టాప్ తెరిస్తే లోపల 'అబౌట్' పేజీలో ఉంటుందని ఓపిగ్గా దారి చూపించాడు. చార్జింగ్ ఎంత శాతం ఉందో స్క్రీన్ మీద కుడిచేతి వైపు కింద చూడమన్నాడు. ఆ స్క్రీన్లో నా మొహం తప్ప ఇంకేం కనబడ్డం లేదు. చివరగా, ఎందుకైనా మంచిది, ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకోండని హెచ్చరించి సెలవు తీసుకున్నాడు.

పోనీ ప్రాణమున్న మనిషికే చూపిద్దామని కరీంనగర్ దాకా పోయాను. సర్వీస్ సెంటర్ కుర్రాడు మూత తెరిచి, బటన్ ఒకసారి నొక్కి, మూత వేశాడు.

"బోర్డు పోయింది సార్."

ఒక్క స్క్రూ విప్పలేదు. చార్జర్ తెచ్చారా అని కూడా అడగలేదు. కొత్త బోర్డు ధర చెప్పి, ఇంకొంచెం వేసుకుంటే కొత్త లాప్‌టాపే వస్తుంది కదా అంటూ అచ్చేసి ఉంచిన ఆఫర్ కాగితం చేతిలో పెట్టాడు.

ఇక నాకు నవ్వు రావడం లేదు. రోళ్లవాగు కింద మా రైతు మోటరు నడవకపోతే ఏం చేస్తాడు? మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తాడు. ఫ్యూజులు చూస్తాడు. స్టార్టరు చూస్తాడు. మోటరు కాలిందనే మాట అన్నీ చూశాకే. లాప్‌టాప్‌కూ అదే వరస. చార్జర్ కొసకు మల్టీమీటర్ పెడితే చాలా రకాలకు 19 వోల్టుల దగ్గర చూపాలి. చూపితే, జాక్ వదులైందేమో చూడాలి. చార్జర్ పీకి, బ్యాటరీ కనెక్షన్ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం అదిమి పట్టాలి. లోపల మిగిలిన చార్జ్ పోయి కొన్ని అంతటితోనే లేస్తాయి. ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉంటే ర్యామ్ తీసి తుడిచి బిగించాలి. టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చిందా, జబ్బు స్క్రీన్‌ది. నిజంగా బోర్డులోనే ఉన్నా, షార్టయింది ఆవగింజంత కెపాసిటర్ ఒక్కటే కావచ్చు. దాన్ని వెతకడానికి బోర్డు నక్షా కావాలి. అది కంపెనీ బయటికివ్వదు. పైగా ర్యామ్‌ను బోర్డుకే టంకం వేసేస్తుంది, బ్యాటరీని జిగురుతో అంటిస్తుంది.

మీటర్ పట్టుకోవడం ఈ సర్వీస్ సెంటర్లవాళ్లకు రాదా? వస్తుంది. చిల్లర ఖర్చుతో బాగైతే కొత్తది ఎవడికి అమ్మాలి? దుబాయ్ ఎండలో తండ్రి సంపాదించి పంపిన డబ్బుతో కొన్న లాప్‌టాప్ కోరుట్లలో డిగ్రీ చదివే పిల్ల దగ్గర ఆగిపోతే, కొత్తది కొనుక్కో అనే నోటికి సిగ్గుండాలి.

కేంద్రం 2022 డిసెంబర్ 24న రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అది చూడాలన్నా ఏదో ఒకటి ఆన్ కావాలి. ఏ వస్తువు ఎంత తేలిగ్గా బాగవుతుందో చెప్పే రిపేరు సూచీ మీద కేంద్రం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫ్రాన్స్ 2021 జనవరిలోనే లాప్‌టాప్‌లకు రిపేరు మార్కులు వేయడం మొదలుపెట్టింది, పదికి ఇన్నని.

చివరికి నా లాప్‌టాప్ జగిత్యాలలో రేకుల షెడ్డు కింద ఉన్న షాపులో బాగైంది. షాపాయన చార్జర్ కొసకు మీటర్ పెట్టి నాకే తిప్పి చూపించాడు. సున్నా. "బోర్డుకేం కాలే సార్, చార్జర్ సచ్చింది."

ఎవరైనా బోర్డు పోయిందంటే, ఎన్ని వోల్టులు చూపించిందని అడగండి. నీళ్లు నమిలితే లాప్‌టాప్ సంచిలో వేసుకుని లేవండి. తనిఖీ ఫీజు కట్టమంటారు. చూడనిదానికి ఫీజేమిటని నిలదీయండి, వెనక వరసలో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా.