సొరంగంలో మైసూర్‌పాక్

మా సీనియర్ సిటిజన్ల సంఘంలో ఎవరికీ పేర్లుండవు. డిపార్టుమెంట్లుంటాయి. అది విశాఖపట్నం మహిమ. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, రైల్వే, నేవీ... ఏదో ఒక గేటులోంచి ముప్ఫయ్యేళ్ళపాటు లోపలికీ బయటికీ తిరిగినవాళ్ళమే అందరమూ. రిటైరై పదిహేనేళ్ళయినా ఆ గేటు మనిషిని వదలదు. "పోర్టు గారు ఇవాళ రాలేదేంటి?" అంటారు. "షిప్‌యార్డు గారికి మనవడు పుట్టాడట" అంటారు. షిప్‌యార్డు గారి అసలు పేరు నాకు ఆ మనవడి బారసాల పిలుపు మీద చూస్తే తెలిసింది. నేను టెలిఫోన్స్ గారిని. ఎవరింట్లో ఏ కంపెనీ వైఫై ఆగినా మర్నాడు పొద్దున్న నాకేసి అదోలా చూస్తారు.

తెల్లారకట్ల బళ్ళు రానివ్వని వేళలో బీచ్ రోడ్డు మీద నడక, ఆనక కాళీమాత గుడి దగ్గర గట్టు మీద సభ. నడక ఇరవై నిమిషాలు, సభ గంటన్నర. ఒంట్లో బాధల గురించి పది నిమిషాలకి మించి మాట్లాడకూడదని మా మొదటి రూలు. అందుకని ఆ పది నిమిషాల్లో అందరూ ఒక్కసారే మాట్లాడతారు. ఎవరి మోకాలు ఎవరిదో, ఎవరి క్రియాటినిన్ ఎవరిదో తెలీదు. కానీ ఒక మనిషి గట్టు మీద కనిపించకపోతే మాత్రం ఏడింటికల్లా ఫోను వెళ్తుంది. ఫోను ఎత్తకపోతే ఏడున్నరకి తలుపు దగ్గర నలుగురుంటారు. జలుబు చేసి ముసుగుతన్ని పడుకునే స్వేచ్ఛ ఈ సంఘంలో చేరిన రోజే పోయింది.

ఇక విహారయాత్ర. యాత్ర ఒక్కరోజే గాని, ఎక్కడికెళ్ళాలో తేల్చడానికి మూడు నెలలు పడుతుంది. నన్నడిగితే అసలు యాత్ర ఆ మూడు నెలలే. సింహాచలం అన్నారు, అది ఇంటి గుమ్మంలాంటిదని కొట్టేశారు. భీమిలి అన్నారు, అక్కడా ఇదే సముద్రం కదా అన్నారు షిప్‌యార్డు గారు. అన్నవరం అనగానే ప్రసాదం తలుచుకుని అందరూ సరేనన్నారు. షుగరున్నవాళ్ళు మరీ గట్టిగా సరేనన్నారు. ఆ గట్టిదనం చూసి వాళ్ళ ఇంటావిడలు ఆ ప్రతిపాదన తోసేశారు. చివరికి అరకు ఖాయమైంది.

తేదీ కుదరడం అంతకన్నా కష్టం. నవంబరంతా మాలో కేంద్ర పెన్షనర్లు తాము బతికే ఉన్నామని ప్రభుత్వానికి నిరూపించుకునే పనిలో ఉంటారు. వేలిముద్ర వేస్తే యంత్రం ఒప్పుకోదు. ఫోనుకి ముఖం చూపిస్తే రెప్ప ఆర్పమంటుంది, ఆర్పితే మళ్ళీ ఆర్పమంటుంది. బతికున్నట్టు కాగితం చేతికొస్తే గాని విహారానికి మనసు రాదు. డిసెంబరు సగానికి ధనుర్మాసం వచ్చేస్తుంది, హెడ్మిస్ట్రెస్ గారు తిరుప్పావై వదిలి కదలరు. మధ్యలో మిగిలిన ఆ నాలుగు రోజుల్లోనే అందరి డాక్టర్లూ అపాయింట్‌మెంట్లు ఇచ్చి ఉన్నారు.

రైలా, బస్సా అన్న చర్చలో ఒక్క విషయం ఎవరం ఎత్తలేదు. అరవై దాటిన మగవాళ్ళకి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్ళకి 50 శాతం రైల్వే రాయితీ ఉండేది. 2020 మార్చిలో ఆపేశారు. మా స్టీల్ ప్లాంటు గారికి అరవై నిండింది ఆ ఏడాది ఏప్రిల్లో. ఆయన ముందు ఆ మాటెత్తకూడదన్నది మా రెండో రూలు.

అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ బండి ఏడు లోపే బయల్దేరుతుంది. ఐదింటికల్లా అందరం ప్లాట్‌ఫారం మీదున్నాం. కార్యదర్శి లెక్కల మాస్టారు తలకాయలు లెక్కపెట్టి 24 అని పుస్తకంలో రాసుకున్నారు. టిఫిన్లు సంఘమే చూసుకుంటుంది, ఎవరూ ఏమీ తేవద్దని వాట్సాప్‌లో చిలక్కి చెప్పినట్టు చెప్పారు. బండి కదిలి పెందుర్తి చేరక ముందే నాలుగిళ్ళ పులిహోరలు బయటికొచ్చాయి. అల్లం వేసినవారికీ ఆవ పెట్టినవారికీ మధ్య శృంగవరపుకోట దాకా వాదన నడిచింది. మా ఆవిడది ఆవ పెట్టిన పులిహోర కాబట్టి న్యాయం ఎటుందో నేను చెప్పక్కర్లేదు.

బొడ్డవర దాటాక కొండలు మొదలవుతాయి. ఈ లైను 1960లలో వేసింది మనం అరకు చూడాలని కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి ఓడల్లో జపానుకి పంపడానికి. అందుకోసం కొండల్ని 58 చోట్ల తొలిచారు. ఆ ఖనిజాన్నే ఉద్యోగమంతా ఓడలకెక్కించిన పోర్టు గారు, ఇన్నాళ్ళకి ఆ సొరంగాల్ని సొంతపనికి వాడుకున్నారు.

మొదటి సొరంగానికి ముందే ఆయన లేచి, శుక్లాల ఆపరేషనయ్యాక వెలుతురు గుచ్చుకుంటోందంటూ మా వైపు లైట్లన్నీ ఆర్పేశారు. ఎవరికీ అనుమానం రాలేదు. చీకటి పడగానే పక్క పెట్టెలోంచి కాలేజీ పిల్లలు కేకలు పెట్టారు. మా పెట్టెలో ఒక ఈల వినిపించింది. వెలుతురొచ్చాక చూస్తే హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ముప్ఫయ్యేళ్ళు ఈలలు వేసినవాళ్ళని బెంచీ ఎక్కించిన మనిషి ఆవిడ. రెండో సొరంగంలో నా పక్కన నేతి వాసన వేసింది. మూడోదాంట్లో కాగితం చప్పుడైంది. నాలుగోది పొట్టి సొరంగం, పోర్టు గారి అంచనా తప్పింది. వెలుతురు పడేసరికి ఆయన బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. ఎదురుసీట్లో ఇంటావిడ "జలపాతం చూశారా?" అనడిగారు. ఆయన తలూపారు. "ఎటు వైపు?" అన్నారావిడ. మళ్ళీ తలూపారు. ఆవిడ కిటికీకేసి తిరిగారు. చిమిడిపల్లి దాటాక సొరంగాలు చిక్కబడ్డాయి. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది, పోర్టు గారి షుగరు ఎంత ఎత్తుకి చేరిందో ఎవరూ కొలవలేదు.

అరకులో గిరిజన మ్యూజియం చూశాం, కాఫీ తాగాం, థింసా చూశాం. నడుం చుట్టూ చేతులు పెనవేసుకుని ఆ ఆడపిల్లలు వరసగా అడుగులేస్తుంటే, కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు "అమ్మా" అనే మా ఆవిడ ఎప్పుడు వెళ్ళి ఆ వరసలో చేరిందో నేను చూడలేదు. పక్కింటివాళ్ళ దాకా వినిపించే మోకాళ్ళ చప్పుడు డప్పులో కలిసిపోయింది.

అక్కణ్ణించి బస్సు. ఎక్కగానే మాస్టారు లెక్కపెట్టారు. 25. మళ్ళీ లెక్కపెట్టారు. 25. పరమానందయ్య శిష్యులు తమని తాము వదిలేసుకుని ఒకడు తగ్గాడని ఏడ్చారట. మాకు ఒకరు ఎక్కువయ్యారు గనక ఎవరూ ఏడవలేదు. "నన్ను నేనే రెండుసార్లు లెక్కపెట్టుకుని ఉంటాను" అని మాస్టారు పుస్తకం మూసేశారు. ఈయన దగ్గర చదువుకున్న పిల్లలు ఇవాళ ఏ వంతెనలు కడుతున్నారో అనిపించింది.

నా పక్కన మఫ్లరు చుట్టుకున్న ఒకాయన కూర్చున్నారు. "మీరు?" అన్నాను. "ఎలక్ట్రిసిటీ అండి" అన్నారు. అంతే, పరిచయం అయిపోయింది. ఆయనకి పులిహోర పెట్టాం, రెండు రకాలూ. స్టీల్ ప్లాంటు గారు తమ వీధి ట్రాన్స్‌ఫార్మరు గురించి ఆయన్ని గాలికొండ దాకా నిలదీశారు. ఆయన ఎంతో వినయంగా "చూస్తానండి" అన్నారు. ఆ మాటతో నిజమైన ఎలక్ట్రిసిటీ మనిషేనని అందరికీ గురి కుదిరింది.

బొర్రా గుహల దగ్గర సంఘం రెండుగా చీలింది. మెట్లు దిగగలిగినవాళ్ళు దిగి, ఒంటికి గబ్బిలాల వాసన పట్టించుకొచ్చారు. మోకాళ్ళవాళ్ళు బయట కూర్చుని బొంగులో చికెన్ తిని, వచ్చిపోయే కోతులకి కాపలా కాస్తూ, షిప్‌యార్డు గారి మేనకోడలికి రైల్వే గారి అబ్బాయిని దాదాపు ఖాయం చేశారు. అప్పుడు ఎలక్ట్రిసిటీ గారి ఫోను మోగింది. స్పీకరు ఆన్‌లో ఉంది. "ఎక్కడున్నావయ్యా? నీకోసం అరకంతా గాలిస్తున్నాం" అంటోంది విజయనగరం సంఘం.

ఆయన ఆ సంఘంలో కొత్తగా చేరారట. ఎవరి మొహాలూ ఇంకా గుర్తుపట్టలేరు. "మీరంతా అంత చనువుగా పలకరిస్తుంటే మావాళ్ళే అనుకున్నానండి" అన్నారు. వాళ్ళ బస్సు వచ్చే దాకా మాతోనే ఉన్నారు. ఎక్కేటప్పుడు వాళ్ళవాళ్ళు తిట్టారు, మావాళ్ళు టిఫిన్ డబ్బా ఇచ్చారు. ఇప్పుడాయన రెండు సంఘాలకీ చందా కడుతున్నారు. ఆర్టీసీలో అరవై దాటినవాళ్ళకి 25 శాతం రాయితీ ఉంది కదా, ఆదివారం సభకి విజయనగరం నుంచి బస్సులో దిగుతారు. స్టీల్ ప్లాంటు గారు ఆయన టికెట్టుని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి ఇస్తుంటారు.

తిరుగుదారి ఘాట్ రోడ్డుకి మలుపులున్నాయి గాని సొరంగాలు లేవు. పోర్టు గారు అనంతగిరి దాకా ఓర్చుకుని, ఒక పొట్లం నా చేతిలో పెట్టి, "ఇది మీరుంచండి, తర్వాత మాట్లాడుకుందాం" అని గుసగుసలాడారు.

ముందు సీట్లో ఉన్న ఆయన ఇంటావిడ వెనక్కి తిరగనైనా తిరగలేదు. "అన్నయ్యగారూ, అందులో ఇంకా నాలుగుండాలి. ఆయనకొకటిచ్చి, మూడు ఇటు పంపండి" అన్నారు.

మాస్టారు పొట్లం లాక్కుని విప్పి చూశారు. నాలుగే. వచ్చే ఏడాది నుంచి తలకాయల లెక్క ఆవిడకి అప్పగించాలని బస్సులోనే తీర్మానం పెట్టారు. స్టీల్ ప్లాంటు గారు బలపరిచారు. పోర్టు గారొక్కరే ఏమీ అనలేదు, ఆయన నోరు ఖాళీగా లేదు.