ఎవరి తల చూసి నేర్చింది?

మా రోజుల్లో తలనొప్పని పోతే డాక్టరు ముందు మనిషిని చూసేవాడప్పా. పొద్దున లేస్తూనే నొప్పా, వాంతయ్యాక తగ్గుతుందా, కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని గుచ్చిగుచ్చి అడిగేవాడు. గది చీకటి చేసి చిన్న లైటుతో కంటి లోపలికి చూసేవాడు. వెనకాల నరం ఉబ్బి కనబడితే తలలో ఒత్తిడి పెరిగిందని అక్కడే తేల్చేవాడు. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిపించేవాడు. ఈలోపల సిరుగుప్ప వైపు వరి ఎట్లుంది, కాలవకు నీళ్లు వదిలినారా అని కూడా విచారించేవాడు. మీకేమో బిల్లు కట్టు, గొట్టంలో పడుకో, రిపోర్టు ఫోనుకొస్తుంది పో! ఆ మధ్య ఒక సెంటరులో ఫిల్ము చేతికియ్యండయ్యా, వెలుతురుకు పెట్టి చూసుకుంటానంటే, ఫిల్ములెక్కడివి తాతా, లింకు పంపినాం కదా అన్నారు. ఇక ఆ లింకులోని స్కానును డాక్టరు కంటే ముందే కృత్రిమ మేధ చదివి, గడ్డ ఇదీ, దాని హద్దు ఇదీ అని రంగులేసి చూపిస్తుందట.

బళ్లారికి మెడికల్ కాలేజీ 1961లో వచ్చింది, మీరు విమ్స్ అంటూ వచ్చినారే, అదే. అంతకుముందు తలలో గడ్డంటే మద్రాసో, రాయవేలూరో. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రం వాళ్లమే కదా. రాయవేలూరులో జేకబ్ చాండీ గారు 1949లో, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తి గారు 1950లో మెదడు ఆపరేషన్లకు విభాగాలు మొదలుపెట్టినారు. రాష్ట్రం మారినా మనవాళ్లు రాయవేలూరుకే పోయేవాళ్లు. స్కానుల్లేవు. నడుం దగ్గర సూది గుచ్చి, గాలి ఎక్కించి తలకు ఎక్సురే తీసేవాళ్లు. రోగి ఆ తలనొప్పికి అల్లాడిపోయేవాడు. అది మాత్రం బాగుండేదని నేను చెప్పను. పల్లెల్లో ఫిట్సొస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లు, ఎందరు గడ్డతోనే పోయినారో లెక్క లేదు. 1971 అక్టోబరులో లండన్లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ యంత్రం మొదటిసారి రోగి తలను చూసినప్పుడు కనబడింది గడ్డే. యంత్రం వద్దనే మాట నా నోట రాదు.

నా బాధల్లా ఆ కృత్రిమ మేధ ఎవరి తలలు చూసి పాఠం నేర్చిందని. 2012 నుంచి బ్రాట్స్ అని ఒక పోటీ నడుస్తోంది, స్కానులో గడ్డ హద్దును ఎవరి ప్రోగ్రాము సరిగ్గా గీస్తుందని. అందులో ఎక్కువగా వాడినవి సొమ్మున్న దేశాల పెద్దాసుపత్రుల బొమ్మలు. 2023లో ఆఫ్రికా స్కానులకని వేరే పోటీ పెట్టాల్సొచ్చింది. అక్కడి యంత్రాల బొమ్మలు మసక, రోగులు వచ్చేది జబ్బు ముదిరినాక. మన సండూరు, సిరుగుప్ప పల్లెల సంగతీ అంతే కదా నాయనా?

గడ్డల సంగతే కాదు, మెదడు కొలతలకు కూడా ఏళ్ల తరబడి తెల్లవాళ్ల నమూనానే వాడుతూ వచ్చినారు. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి గారి బృందం 100 మంది భారతీయుల స్కానులతో మన నమూనా తయారుచేస్తే, మన మెదడు కొలతలు సగటున వాళ్లకంటే తక్కువని తేలింది. ఆ సంస్థే హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రితో కలిసి 300 మందికి పైగా రోగుల మెదడు గడ్డల నుంచి తీసిన ముక్కలను బొమ్మలుగా పోగుచేసి పరిశోధకులకు ఇచ్చింది. ఇదీ పనంటే. ఈ కాలంలో నాకు నచ్చినవి తక్కువ, వాటిలో ఇదొకటి.

బెంగళూరులో కంప్యూటర్ల ముందు కూర్చున్న మన పిల్లోళ్లకు చెప్తున్నా. ఇక్కడి ఆసుపత్రుల్లో తీసే స్కానులు కూడా, పేర్లు తీసేసి, రోగి ఒప్పుకుంటేనే, ఆ పాఠంలో చేరేట్టు చూడండి. యంత్రం చెప్పినదాన్ని ముసలమ్మ పక్కన కూర్చుని తెలుగులోనో కన్నడంలోనో విడమరిచే డాక్టరును మాత్రం తీసెయ్యకండి. ఇంట్లో ఎవరికైనా పొద్దున్నే తలనొప్పి, వాంతి పట్టుకుని వదలకపోతే, ఫోనులో వెతుకుతూ కూర్చోక ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.