నిగమనం మారదు, హేతువే మారుతుంది

కరోనా వైరస్‌లో కొత్త వేరియంట్ కనిపించిందన్న వార్త వెలువడిన ప్రతిసారీ, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ టీ కొట్ల బల్లల మీదా ఒక శాస్త్రచర్చ ఎవరూ పిలవకుండానే మొదలవుతుంది. ఈ వైరస్ జన్యుపాఠంలో దాదాపు 30 వేల అక్షరాలుంటాయి. మనిషి కణంలో చేరి అది తన ప్రతులను తయారుచేసుకునేటప్పుడు రాతతప్పులు దొర్లుతాయి, వాటిలో వ్యాప్తికి కలిసొచ్చిన తప్పులు నిలుస్తాయి, అలా లక్షణాలు మారిన రూపాన్నే వేరియంట్ అంటారు. చర్చలో పాల్గొనే పండితులకు ఈ మాత్రం వివరం కూడా బరువే. టీకా వేయించుకోకపోవడానికి మరో కారణం దొరికిందా లేదా అన్నదే వారి జిజ్ఞాస.

న్యాయదర్శనం తర్కవాక్యానికి ఐదు అవయవాలు చెప్పింది: నిరూపించదలచిన మాట ప్రతిజ్ఞ, దానికి చూపే కారణం హేతువు, లోకంలోని దృష్టాంతం ఉదాహరణ, దానిని ప్రస్తుత విషయానికి అన్వయించడం ఉపనయం, చివరికి తేలే నిర్ణయం నిగమనం. టీకా వ్యతిరేక పండితులు ఈ పద్ధతిని సంస్కరించి గొప్ప సౌలభ్యం సాధించారు. వారి దగ్గర నిగమనం ముందే ఖరారై ఉంటుంది, హేతువును మాత్రం ఏ సీజన్‌కు ఆ సీజన్ కొత్తగా తెప్పించుకుంటారు.

తొలి హేతువు తొందర. 2021 జనవరి 3న కొవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి దక్కేనాటికి మూడో దశ ప్రయోగాల ఫలితాలు వెలువడలేదు కనుక ఆ ఆక్షేపణలో న్యాయముంది, దానిని లేవనెత్తినవారిలో శాస్త్రవేత్తలూ ఉన్నారు. అదే ఏడాది నవంబరులో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి: లక్షణాలతో కూడిన జబ్బును నివారించడంలో టీకా సామర్థ్యం మొత్తం మీద 77.8 శాతం, డెల్టా వేరియంట్ విషయంలో 65.2 శాతం. వైరస్ మారితే టీకా బలం కొంత తగ్గుతుంది గానీ అడుగంటదని ఆ రెండో అంకె చెబుతోంది. పది నెలల పాటు ఫలితాలేవని నిలదీసినవారు ఫలితాలు వచ్చిన రోజున సభలో లేరు. అప్పటికే తర్వాతి హేతువుకు తరలిపోయారు.

ఆ తర్వాతి హేతువు భయం. డెల్టా మహా భయంకరమైనది కాబట్టి దాని ముందు టీకా ఏపాటిదన్నారు. 2021 నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్‌ను ఆందోళనకర వేరియంట్‌గా ప్రకటించాక, కొద్ది వారాల్లోనే అదే నోళ్లు ఇది ఉత్త జలుబు కాబట్టి టీకా దేనికన్నాయి. వైరస్ క్రూరమైనా టీకా వద్దు, సాధువైనా టీకా వద్దు. ఆ ఉత్త జలుబే 2022 తొలి నెలల్లో, ఎనభై దాటిన వృద్ధుల్లో చాలామంది టీకాకు దూరంగా ఉండిపోయిన హాంకాంగ్‌లో ప్రవేశించి సుమారు 9 వేల ప్రాణాలు తీసింది. వృద్ధులకు టీకాలు దాదాపు పూర్తిచేసిన న్యూజిలాండ్‌లో అంత నష్టం చేయలేకపోయింది. ఈ ఉదాహరణ పండితుల వాక్యంలో ఇమడదు కనుక ప్రస్తావనకు రాదు.

‘రెండు డోసులు వేసుకున్నా వచ్చింది కదా’ అన్న అజేయమైన వాదం వేరే ఉంది. టీకా శరీరానికి రెండంచెల కాపలా నేర్పుతుంది. వైరస్‌ను పట్టుకుని కణంలోకి చొరబడకుండా ఆపే ప్రతిరక్షకాలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, వైరస్ పైన కొమ్ముల్లా ఉండే స్పైక్ ప్రోటీన్ రూపం మారితే వాటి గురి కూడా తప్పుతుంది. ఒమిక్రాన్ స్పైక్‌లో 30కి పైగా మార్పులు ఉన్నాయి. అయితే సోకిన కణాలను గుర్తించి నాశనం చేసే టి-కణాలు వైరస్‌కు చెందిన అనేక తునకలను ఒకేసారి గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి, కొన్ని మారినా మిగిలినవాటి ఆధారంగా పని కానిస్తాయి. అందుకే జబ్బు రాకుండా ఆపే శక్తి త్వరగా సన్నగిల్లినా, అది ముదరకుండా ఆపే శక్తి ఎక్కువ కాలం నిలుస్తుంది. మూడో రోజున మంచం మీద దిండుకు చేరగిలబడి, మిరియాల చారు తాగుతూ, టీకా పనిచేయలేదని గ్రూపులో సందేశం పెట్టగలిగిన ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో ఆ పండితుడు విచారించడు.

ప్రయోగ ఫలితాల మీద ఇంత పట్టుదల ఉన్న జాతి 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మరో ముఖం చూపింది. కరోనాకని పంచిన మూలికా మందు కోసం వేలమంది ఒకరి భుజం మీద ఒకరు పడుతూ బారులు తీరారు, అనేకుల మాస్కులు గడ్డం కిందికి జారాయి, కంట్లో వేసే చుక్కలను ఎంతమంది మీద పరీక్షించారని అడిగినవారు ద్రోహులయ్యారు. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి మిగిలిన మందుకు అనుమతి ఇచ్చింది. ఆ రోజుల్లో ఆక్సిజన్ పడక లేదు, టీకాకూ కొరత ఉంది. ఊపిరాడని తండ్రిని అంబులెన్సులో పడుకోబెట్టి అక్కడికి చేరిన కొడుకును వెక్కిరించడం అమానుషం. వెక్కిరించదగినవారు, ఇంట్లో కూర్చుని ఆ నిస్సహాయతను సిద్ధాంతంగా మలచి, టీకాకు మూడు దశల రుజువు కావాలనీ మూలికకు ఒక్క వీడియో రుజువు చాలుననీ తీర్పిచ్చినవారు.

గుండెపోట్ల హేతువు తాజాది. భారత వైద్య పరిశోధన మండలి 47 ఆస్పత్రుల సమాచారంతో 18 నుంచి 45 ఏళ్ల వారి ఆకస్మిక మరణాలను పరిశీలించి, టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదనీ, రెండు డోసులు తీసుకున్నవారిలో తగ్గిందనీ 2023లో తేల్చింది. కొవిషీల్డ్ తరహా టీకాలతో అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టే ప్రమాదముందన్నది మాత్రం 2021 నుంచీ తెలిసిన నిజం. 100 కోట్ల డోసులు పూర్తయినప్పుడు చారిత్రక కట్టడాలకు త్రివర్ణ దీపాలు వెలిగించిన ఉత్సాహంలో పదో వంతు, ఈ అరుదైన ముప్పును జనానికి విడమరచి చెప్పడంలో కనబడి ఉంటే పుకార్లకు ఇంత గిరాకీ ఉండేది కాదు. ఈ తప్పు పూర్తిగా పాలకులదే.

ఇన్ని హేతువులూ ఓడిపోయిన చోటు విమానాశ్రయం. 2021 నవంబరు 8 నుంచి అమెరికా, విదేశీ విమాన ప్రయాణికులకు టీకా తప్పనిసరి చేసింది. అంతకు ఐదు రోజుల ముందే కొవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించడంతో, డాలస్‌లో మనవడి బారసాలకు వెళ్లవలసిన తాతయ్యలు ఊపిరి పీల్చుకున్నారు. టీకాలో కుట్ర ఉందని ఏడాది పొడవునా సందేశాలు పంపిన పెద్దమనిషి, కోవిన్ సర్టిఫికెట్‌ను జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించి, లామినేషన్ చేయించి, పాస్‌పోర్టు పక్కన భద్రపరచిన దృశ్యం ఆనాటి తెలుగు మధ్యతరగతి ఇళ్లలో అపురూపమేమీ కాదు.

దేశంలో తొలి డోసు 102 కోట్లకు పైగా, రెండో డోసు 95 కోట్లకు పైగా పడ్డాయి. వేరియంట్ల బెడద ఎక్కువగా ఉండే వృద్ధులకూ మధుమేహులకూ నిజంగా అక్కరకొచ్చే మూడో డోసును 2022లో 75 రోజులు వయోజనులందరికీ ఉచితంగా ఇచ్చినా, మొత్తం లెక్క 23 కోట్ల లోపే ఆగిపోయింది. అమెరికా విమానం మూడో డోసు అడగలేదు.