80 కొడతా, 80 తింటా

నా పేరు చాన్సీ. గులాబీ రంగు ఒళ్లు, పొట్ట మీది సంచిలో గుడ్డు. బొమ్మ చూసి అందరూ నన్ను నర్సమ్మననుకుంటారు. కింద రాసింది చదివితేనే నా సంగతి తెలుస్తుంది. ఎదుటివాణ్ని 80 దెబ్బ కొడతాను, ఆ కొట్టడంలో నేనూ 80 తింటాను. నా ప్రాణమంతా కలిపితే 120. అంటే వరసగా రెండుసార్లు కొడితే నా చావు నేనే చస్తాను.

పోకెమాన్ కార్డులాట 1996లో జపాన్‌లో పుట్టింది. 1999లో ఇంగ్లీషులో వచ్చిన మొదటి సెట్టులో నాది మూడో నంబరు. నాలుగో నంబరు చారిజార్డ్‌ది, నిప్పులు కక్కే ఆ డ్రాగన్‌ది. పక్క నంబరువాడికి ఉన్నంత గిరాకీ నాకు ఏనాడూ లేదు. న్యూజెర్సీలో ఓ తెలుగు పిల్లాడి అట్టపెట్టెలో ఏళ్ల తరబడి పడున్నాను. ఆ పిల్లాడు పెద్దవాడై, దసరాకు బయ్యారం వచ్చినప్పుడు పెట్టెకు పెట్టే తెచ్చి బాబాయి పిల్లలకిచ్చి పోయాడు.

ఇక్కడి పిల్లలకు కార్డులు కొత్తేం కాదు. కొట్లో దొరికే బంగారు రంగు నకిలీలు జేబుల నిండా ఉంటాయి. వాటికి ఆటంటూ లేదు. ఎవరి కార్డు మీద అంకె పెద్దదైతే వాళ్లు గెలిచినట్టు. ఆ నకిలీల మీద వేలల్లో అంకెలుంటే నా 120ని చూసేదెవరు?

"చారిజార్డ్ నాది. గట్టిగ కొట్టేటియన్నీ నాయే. మిగిలినయి నువ్వు తీస్కో" అన్నాడు అన్న. చెల్లె ఏమీ అనలేదు. పెట్టె అడుగున మడతపెట్టి ఉన్న ఆట నియమాల కాగితం తీసి చదువుకుంటూ కూర్చుంది. ఎవరి కట్ట వాళ్లకు 60 కార్డులు. మామూలు ఎనర్జీ తప్ప ఒకే పేరుది నాలుగుకు మించకూడదు. వంతుకు ఒక్క ఎనర్జీయే పెట్టాలి. పక్కన బోర్లించిన ఆరు బహుమతి కార్డులు ముందు ఎవరు తీసుకుంటే వాళ్లది ఆట. తీయడానికి కట్టలో కార్డు మిగలకపోయినా ఓడినట్టే.

కొట్టేవాళ్లందరినీ అన్న ఏరుకున్నాక పెట్టెలో మిగిలింది మేమిద్దరం చాన్సీలం, అలకజామ్, పోకెమాన్ సెంటర్ కార్డులు. అలకజామ్‌కో పవర్ ఉంది. మనవాళ్లలో ఒకరి మీదున్న దెబ్బలను ఇంకొకరి మీదికి, చావకుండా ఉన్నంతవరకు, ఎన్నిసార్లయినా మార్చొచ్చు. పోకెమాన్ సెంటర్ మనవాళ్ల దెబ్బలన్నీ మాన్పుతుంది గానీ, దెబ్బ తగిలి ఉన్నవాళ్ల ఎనర్జీలన్నీ పీకేస్తుంది. విడివిడిగా చూస్తే రెండూ అంతంతమాత్రం కార్డులే. ఈ రెంటినీ కలిపితే ఏమవుతుందో ఆ పిల్లకు తట్టింది.

దెబ్బలు లెక్కెయ్యడానికి చింతగింజలు తెచ్చుకున్నారు, గింజకు 10. అన్న చారిజార్డ్ నన్ను 100 కొట్టింది. నా మీద పది గింజలు, ప్రాణం 20. అన్న చప్పట్లు కొట్టాడు. చెల్లె నా మీది పది గింజలనూ ఒక్కొక్కటే తీసి, వెనక బెంచిలో ఒక్క ఎనర్జీ కూడా లేకుండా కూర్చున్న రెండో చాన్సీ మీద పెట్టింది. "ఇది ఓమనగుంతలే గదనే!" అంది వాకిట్లోంచి చూస్తున్న నాయినమ్మ. అప్పుడు పోకెమాన్ సెంటర్ వేసింది. గింజలన్నీ పోయాయి. దెబ్బలున్నదానికి ఎనర్జీలే లేవాయె, పీకడానికేముంది? నా నాలుగు ఎనర్జీలూ నా దగ్గరే ఉన్నాయి. వెంటనే 80 కొట్టాను.

చారిజార్డ్ ఒకసారి కొట్టాలంటే రెండు ఎనర్జీలు పారేయాలి. మరుసటి వంతుకు మళ్లీ కొట్టడానికి సరిపడా ఎనర్జీ దానికి లేదు. నేను తిన్న 80 మళ్లీ బెంచికి పోయింది, నేను మళ్లీ కొట్టాను. చారిజార్డ్ పడింది. నర్సమ్మ చేతిలో!

అలాగని మా కట్ట గొప్పదేం కాదు. అలకజామ్ నేరుగా రాడు. ముందు అబ్రా, తర్వాత కడబ్రా, ఆ తర్వాత అలకజామ్. వాడొచ్చేలోపు నేను ఒంటరిగా తన్నులు తినాలి. "మన ఉక్కు ఫ్యాక్టరీ లెక్క ఇగొస్తడు అగొస్తడు అనుడేనా?" అన్నాడు వాళ్ల నాన్న. ఫ్యాక్టరీ సంగతి పరిశీలించమని 2014 రాష్ట్ర విభజన చట్టంలో రాసినప్పట్నుంచీ ఆ మాట వింటున్న ఊరు ఇది. ఫైటింగ్ రకంవాళ్లు కొడితే నాకు దెబ్బ రెట్టింపు. మక్ అనేవాడు బరిలో ఉంటే అలకజామ్ పవరే పనిచేయదు. వాడు మా పెట్టెలో లేడు, అదే నయం.

రెండో ఆటలో అన్న తెలివిగా చారిజార్డ్‌ను బెంచిలోనే దాచి, పనికిరానివాణ్ని ముందు నిలబెట్టి కాలం గడిపాడు. మా పిల్లేమో ప్రొఫెసర్ ఓక్ కార్డులు వేసి ఏడేసి కార్డులు లాగింది. కట్ట ఖాళీ. దెబ్బ తినకుండానే ఓడాం.

మర్నాడు రెండు ఓక్‌లను తీసేసింది. ఆ రెండు ఖాళీల్లో ఏం పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. ఒక పూట పోషన్ పెడుతుంది, గాయం కాస్త తగ్గించడానికి. ఇంకో పూట గస్ట్ ఆఫ్ విండ్, బెంచిలో దాక్కున్నవాణ్ని ముందుకీడ్చడానికి. నన్నడిగితే గస్టే పెట్టమంటాను. మాన్పడానికి మా దగ్గర మందుకు కొదవ లేదు, కొట్టడానికి చారిజార్డ్ ఎదురుగా ఉండాలి గదా.