గంటలోపు కర్మఫలము

కర్మ జన్మజన్మాంతరముల వెంట నడచి వచ్చుననియు, దాని లెక్క ఎప్పుడు తేలునో ఎవ్వరికిని తెలియదనియు చెప్పిన మన పెద్దలు వట్టి కాలయాపనపరులు. ఆ జాప్యమును థాయిలాండువారు సవరించినారు. 2018లో జీఎంఎం 25 ఛానలులో మొదలై, పిమ్మట నెట్‌ఫ్లిక్స్ మీదుగా దేశదేశములు తిరిగిన ‘గర్ల్ ఫ్రమ్ నోవేర్’ అను ధారావాహికలో, నాన్నో అను బాలిక కథకొక పాఠశాలలో చేరి, అచటి పాపి యెవరో పసిగట్టి, వానికి వల పన్ని, గంట తిరుగకముందే ఫలమును చేతిలో పెట్టి, టి.సి. పుచ్చుకొన్నంత నిబ్బరముగా మరియొక బడికి వెడలిపోవును. ఇది చూచి పరవశించిన ప్రేక్షకోత్తములు, ఆమె సాక్షాత్తు కర్మస్వరూపిణియనియు, ఇది భయానక కథ కాదు, సమాజమునకు చికిత్సయనియు ఘోషించుచున్నారు. చికిత్స యన్నమాట వినబడిన పిమ్మట రోగి యెట్లున్నాడో విచారించుట మర్యాద గదా!

ఒప్పుకొనవలసినది ముందే ఒప్పుకొందము. నాన్నోగా నటించిన చిచా అమాతయకుల్ ప్రతిభ అసామాన్యము. నుదుటిమీదికి సమముగా కత్తిరించిన జుట్టుతో, ఇస్త్రీ నలుగని యూనిఫారముతో తరగతి ముందు నిలిచి ఆమె చిరునవ్వు నవ్వినంతనే, అది యే క్షణమున అట్టహాసముగా మారునో యని మనము ఊపిరి బిగబట్టుదుము. కథలను పలువురు దర్శకులకు పంచుటవలన ఒకదాని పోలిక మరియొకదానికి రాలేదు. నియమోన్మాదము పట్టిన బడిని నలుపు తెలుపులలో చూపిన కథయు, బాలికలను గర్భవతులను చేసి తప్పించుకొను కుర్రవాడు తుదకు తానే గర్భము దాల్చు కథయు నిజముగా సాహసములే. ఈ పాత్రను పుట్టించినది బ్యాంకాక్‌లోని ఒక ప్రకటనల సంస్థ యని తెలిసినవారికి మాత్రము ఆ వేగము వింతగా తోపదు. సమస్యను పది క్షణములలో చూపి, పరిష్కారమును పదకొండవ క్షణమున అమ్ముట ఆ వృత్తివారికి నిత్యకృత్యము.

అయితే ఈ కర్మదేవత తూకపురాళ్ళను ఎవరైన పరీక్షించినారా? మొదటి కథలో విద్యార్థినులను చెరచిన ఉపాధ్యాయుడు దోషి. మరియొక కథలో లేని సంపద ఉన్నట్లు కోతలు కోసిన కుర్రవాడు దోషి. ఇద్దరికిని అదే చిరునవ్వు, అదే ఉచ్చు. పైగా ఆ కోతలరాయని యెదుట ఆమె తాను మరింత సంపన్నురాలినని నిలిచి, వాని అబద్ధమునకు అబద్ధము తోడగునట్లు పురికొల్పి, ఆ పిమ్మట దండించును. దొంగకు తలుపు తీసి దొరను లేపినట్లన్న సామెతను మనవారు నిందగా వాడినారు. ఇచట అది దైవకార్యమైనది.

ప్రేక్షకులకు ఈ దండన యేల రుచించుచున్నదో తెలియనిది కాదు. 2012లో బ్యాంకాక్ వీథిలో ఒక పోలీసును కారుతో గుద్ది చంపినాడని అభియోగమున్న సంపన్న వారసుడు విదేశములకు వెడలిపోయెను, 2020లో అభియోగములనే ఉపసంహరింపబోయిరి, దేశమంతయు ఆగ్రహించెను. అట్టిచోట, కారుతో ప్రాణములు తీసి తండ్రి ధనము చాటున దాగిన మిన్నీ అను పిల్ల కథ చూచువారికి కడుపు చల్లబడుట సహజము. చల్లబడిన కడుపుతో హాయిగా నిద్ర పట్టును. ఆ వారసుడు మాత్రము చేతికి చిక్కలేదు.

ఇంతకును, నాన్నోకు ఒక బడినుండి మరియొక బడికి బదిలీయేగాని విద్యామంత్రిత్వశాఖకు ఎన్నడును కాలేదు. సీనియర్లమను పేర జూనియర్లను హింసించు సోటస్ పద్ధతి మీదను ఒక కథ కలదు. అందులో దండన వ్యక్తికి దక్కినది, పద్ధతి అట్లే యున్నది. థాయి విద్యార్థుల జుట్టు కొలతలను శాసించిన నిబంధన సైనిక నియంతల కాలమున, 1972లో, వచ్చినది. దానిని ధిక్కరించుటకు 2020లో ‘బ్యాడ్ స్టూడెంట్’ అను బృందపు పిల్లలకు ఏ మాంత్రికురాలును తోడు రాలేదు. ఆ సెప్టెంబరులో వారు మంత్రిత్వశాఖ ముంగిట విద్యామంత్రితోనే ముఖాముఖి వాదించిరి, నవంబరు నాటి ప్రదర్శనలో పాతకాలపు పెద్దలను డైనోసారులుగా చిత్రించి పరిహసించిరి. ఎవ్వరి నెత్తురును చిందలేదు. అందువలననే కాబోలు, కర్మభక్తులకు ఆ దృశ్యము కనబడలేదు.

ఆ సెప్టెంబరునకు ఎనిమిది నెలల తరువాత, 2021 మేలో, రెండవ భాగము వచ్చినది. ఎనిమిది కథలలో చెప్పవలసిన కొత్తమాట యేమని యెదురుచూచితిమో, దానికి బదులు యూరి అను రెండవ ప్రతీకారిణి దొరకినది. నాన్నో నెత్తురు సోకి మృత్యువును జయించిన ఈమెకు నాన్నో దండనలు మరీ మృదువుగా తోచును; పాపిని చంపివేయుటయే పని తేలిక యని ఆమె సిద్ధాంతము. ఇక కథ పాపులను విడిచి, ఇద్దరు దండాధికారిణుల అధికారపరిధి తగాదాలోనికి దిగినది. మొదటి భాగమున దాగియుండుటచేతనే భయపెట్టిన నాన్నో, రెండవ భాగమున శక్తి సన్నగిల్లి, సందేహము పుట్టి, తన యునికికి తానే సంజాయిషీ చెప్పుకొను స్థితికి వచ్చెను. ఇప్పుడు ఆ కర్మభక్తులును రెండు పక్షములైనారు. శిక్ష చాలలేదని యూరి పక్షము, చాలునని నాన్నో పక్షము. బడిమాట యెత్తిన పక్షము మాత్రము ఇంకను పుట్టలేదు.