కళ్లతో వినేవాళ్లు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న పెద్దలు చెవి ఊసెత్తలేదు. వాళ్ల కాలంలో హోం థియేటర్లు లేవు కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు మా కాలనీలో చెవి పేరు చెప్పుకుని రెండు పార్టీలు వెలిశాయి.

మొదటిది చెవి పార్టీ. దీని నాయకుడు మూడో ఇంటి బాబాయి. లక్షలు పోసి కొత్త స్పీకర్ల జత కొన్నాడు. "ఏరా, తబలా మీద వేలు ఎక్కడ పడుతోందో కనబడుతోందా?" అని అడుగుతాడు. వినబడితే చాలు కదా బాబాయ్ అంటే, "నీకింకా చెవి పండలేదురా" అని జాలిపడతాడు. నూరు గంటలు మోగితేగానీ స్పీకర్ 'విచ్చుకోద'ట. గోడ ప్లగ్గు నుంచి యాంప్లిఫయర్ దాకా వెండి పూత పవర్ కార్డు వేశాక గాయని గొంతులో తేనె ఊరిందట. స్తంభం నుంచి ఇంటిదాకా కరెంటోళ్లు లాగింది మామూలు తీగే. పాపం, దానికి ఈ తేనె సంగతి ఎవరూ చెప్పలేదు.

రెండోది గ్రాఫు పార్టీ. అధ్యక్షుడు ఐదో ఇంటి సాఫ్ట్‌వేర్ తమ్ముడు. ఇతను పాట వినడు, చదువుతాడు. 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా గీత చదునుగా ఉన్న స్పీకర్‌ని నెలరోజులు వెతికి తెప్పించి, తీరా దాన్ని బీరువాకీ గోడకీ మధ్య మూలలో ఇరికించాడు. రెండు మూడొందల హెర్ట్జ్ కింద స్పీకర్ మాటకంటే గది మాటే ఎక్కువ చెల్లుతుంది. మూలకు నెట్టితే బేస్ ఉబ్బిపోతుంది. ఆ గ్రాఫు తీసింది ప్రతిధ్వని లేని గదిలో. తమ్ముడి హాల్లో బీరువా, దివాన్ కాట్, అత్తగారు ఉన్నారు.

ఈ రెండు పార్టీల మధ్య ఓట్లు చీలి గెలిచేది ఎప్పుడూ స్టిక్కరే. పుస్తకమంత డబ్బా మీద '5000 వాట్స్ పీఎంపీఓ' అని బంగారు రంగులో రాసి ఉంటుంది. దాని వెనకున్న అడాప్టర్ మీది అంకెలు చూస్తే పాతిక వాట్లు కూడా తేలవు. రెప్పపాటు గరిష్ఠాన్ని లెక్కేసే పీఎంపీఓలో పవర్ నేతి బీరకాయలో నెయ్యి. చూడాల్సింది నిలకడగా ఇచ్చే పవర్ చెప్పే ఆర్ఎంఎస్ అంకె, అది అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పోనీ నిజం వాట్లే అనుకుందాం. వంద వాట్లు రెండొందలైతే పెరిగేది 3 డెసిబెల్లు. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఈ లెక్క సేల్స్ కుర్రాడికి తెలియదనుకోకండి. ముందు చవక జత వినిపిస్తాడు, తర్వాత ఖరీదైన జత. మధ్యలో అతని బొటనవేలు రిమోట్ మీద ఒక్కసారి కదులుతుంది. అర డెసిబెల్, ఒక డెసిబెల్ పెరిగితే "సౌండ్ పెంచావేం?" అని ఎవరూ అడగరు. "అబ్బ, క్లారిటీ!" అంటారు. కార్డు గీకుతారు.

మరి ఈ తగవు తీర్చేదెవరు? తీర్చి చాలాకాలమైంది. కెనడా ప్రభుత్వ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ ఒక మొరటు పని చేశారు. స్పీకర్లకు అడ్డంగా తెర కట్టి, వినేవాళ్లను మార్కులేయమన్నారు. ఆ మార్కులను కొలతల పక్కన పెట్టి 1985, 86ల్లో పరిశోధన పత్రాలు వేశారు. ముందు నుంచి చదునుగా, పక్కల నుంచి ఒడిదుడుకులు లేకుండా మోగే స్పీకర్లే జనానికి నచ్చాయి. చెవి పార్టీ వేసిన ఓట్లూ గ్రాఫు పార్టీ గీసిన గీతలూ ఒకే పెట్టెకు పడ్డాయన్నమాట.

ఆ తర్వాత టూల్ చేరిన హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ 1994లో ఇంకో అడుగు వేశారు. నలభై మంది సొంత ఉద్యోగులకు అవే స్పీకర్లను తెర ఉంచి ఒకసారి, తెర తీసి ఒకసారి వినిపించారు. తెర తీయగానే భారీ, ఖరీదైన పెట్టెల మార్కులు లేచాయి, చిన్న చవక సెట్టు మార్కులు పడిపోయాయి. అంతకన్నా చిత్రం మరొకటి ఉంది. తెర ఉన్నప్పుడు స్పీకర్‌ని కాస్త జరిపినా తేడా పసిగట్టినవాళ్లు, తెర తీశాక అంతగా పట్టించుకోలేదు. కళ్లు తెరుచుకునేసరికి చెవులు సెలవు పెట్టాయి.

"పరీక్ష పెట్టింది స్పీకర్లమ్ముకునే కంపెనీయేగా!" అన్నాడు బాబాయి. న్యాయమైన అనుమానమే. కానీ మొదటి తెర కట్టిన ప్రభుత్వ ల్యాబుకు అమ్ముకోవడానికి పెట్టెలేమీ లేవు. పైగా 2003లో ఆలివ్ 268 మందితో చేసిన పరీక్షలో దుకాణదారులు, రివ్యూలు రాసేవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ ఉన్నారు. వినడంలో శిక్షణ ఉన్నవాళ్లు తక్కువ మార్కులేశారు, కుదురుగా వేశారు. మిగతావాళ్లు కాస్త ఉదారంగా వేశారు. ఏది ముందు, ఏది వెనక అన్న వరస మాత్రం దాదాపు అందరిదీ ఒక్కటే. చెవికో శ్రుతి అని మనం అనుకుంటున్న తేడాలో చాలా భాగం చెవిది కాదు, కంటిదీ ధరదీ.

అలాగని ఇష్టాన్ని ఎవరూ కాదనరు. బేస్‌కి కిటికీ అద్దాలు వణికితేగానీ పాట విన్నట్టుండదంటే, మీ ఇల్లు, మీ అద్దాలు. నాన్న కొన్న పాత పెట్టె మోగితేనే ప్రాణం లేచొస్తుందంటే దానికి గ్రాఫెందుకు? "నాకు నచ్చింది" అన్నంతవరకు మీ మాటకు తిరుగులేదు. "ఇదే మంచిది, నువ్వూ కొను" అన్నారా, ఆ క్షణం నుంచి మీరు సాక్షి. సాక్షికి క్రాస్ ఎగ్జామినేషన్ తప్పదు.

మా బాబాయికి అదే చెప్పాను. పాత జత, కొత్త జత పక్కపక్కన పెట్టి, సౌండు సమానం చేసి, పల్చటి గుడ్డ అడ్డం కడదాం, ఏది ఏదో చెప్పు అన్నాను. బాబాయి ఆలోచించి, "ఈ వయసులో నాకు పరీక్షలేమిట్రా" అన్నాడు. గ్రాఫు తమ్ముడు ఎగిరి గంతేశాడు గానీ, తన స్పీకర్‌ని కూడా తెర వెనక పెట్టమని నేననేసరికి ఆఫీసు కాల్ ఉందని వెళ్లిపోయాడు.

తప్పు వాళ్లది కాదు. వెండి తీగలు, రాతి స్టాండ్లు, బంగారు ప్లగ్గులు దొరికే షోరూముల్లో స్పీకర్‌ని తేల్చే వస్తువు ఒక్కటే దొరకదు. తెరగుడ్డ మీటరు నూటయాభై రూపాయలు. దాన్ని అమ్మితే మిగతావేవీ అమ్ముడుపోవు.